వాళ్లు ఎలా పోయారో కూడా గుర్తుపెట్టుకోండి: కొత్తగా బాయి దిగుతున్న బిడ్డలకు బహిరంగ లేఖ

సింగరేణి బొగ్గు బాయిల్లో (గనుల్లో) కొత్తగా పనికి చేరుతున్న బిడ్డలకు,

నమస్తే. నేను గోదావరిఖని మనిషిని. కోల్ ఫిల్లర్‌గా, అంటే బొగ్గు నింపే కూలీగా చేరి, పరీక్ష పాసై మైనింగ్ సర్దారునై, అంటే కింద పనినీ మనుషుల భద్రతనూ చూసే మేస్త్రీనై, ఆ పనిలోనే రిటైర్ అయ్యాను. మీలో చాలామంది నాన్న ఉద్యోగంలో చేరుతున్నారని తెలుసు. కొందరి నాన్నలు మెడికల్ అన్‌ఫిట్ అయ్యారు, కొందరి నాన్నలు అసలు లేనే లేరు. చేతికి అపాయింట్‌మెంట్ లెటర్ వచ్చిన రోజున ఇంట్లో అమ్మ సంతోషించాలో ఏడవాలో తెలియక కూర్చున్న ఇళ్లు మన కాలనీల్లో ఎన్ని ఉన్నాయో లెక్కలేదు. ఆ ఇళ్ల నుంచి వస్తున్న మీతో మాట్లాడాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. 2019 నుంచి ఆడపిల్లలు కూడా చట్టప్రకారం భూగర్భ గనుల్లో టెక్నికల్, సూపర్‌వైజరీ పనులు చేయొచ్చు కాబట్టి ఈ ఉత్తరం వాళ్లకు కూడా.

నేను అడిగేది ఒక్కటే. మన బాయిల్లో పోయినవాళ్లను గుర్తుచేసుకునేటప్పుడు పేర్లతో ఆగిపోకండి. ఏ కారణంతో పోయారో ఆ కారణాన్ని కూడా నేర్చుకోండి. నోటికి వచ్చేదాకా నేర్చుకోండి. దండ వేసి, దణ్ణం పెట్టి, రెండు నిమిషాలు మౌనంగా నిలబడటం మంచిదే. నేనూ నిలబడతాను. కానీ ఆ మనిషి మీద పడింది నీళ్లా, బండా, మంటా అన్నది తెలియకుండా నిలబడితే ఆయన మనకు ఫొటోలో మనిషిగానే మిగిలిపోతాడు.

2003ని మీలో చాలామంది చిన్నపిల్లలుగా చూసి ఉంటారు, కొందరు అప్పటికి పుట్టి కూడా ఉండరు. ఆ ఏడాది జూన్ 16, సోమవారం. గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు ముంచెత్తి 17 మంది చనిపోయారు. సరిగ్గా నాలుగు నెలలకు, అక్టోబర్ 16న, 8ఏ గనిలో పైకప్పు కూలి 10 మంది చనిపోయారు. నాలుగు నెలల్లో ఒక్క ఊరు 27 మందిని పోగొట్టుకుంది. అప్పుడు నేను వేరే బాయిలో పనిచేసేవాణ్ని. జూన్‌లో ఆ వార్త వచ్చిన రోజు మా షిఫ్ట్ దిగి వచ్చినవాళ్లెవరూ ఇంటికి పోలేదు. బాత్‌రూంలో ఒంటి మీద బొగ్గు కూడా కడుక్కోకుండా అటు పరుగెత్తారు. అక్కడ చూస్తే ఎవరి భార్య ఎవరు, ఎవరి తల్లి ఎవరు అన్నది లేదు. వచ్చిన ప్రతి మనిషినీ పట్టుకుని "మావోడు ఏ షిఫ్ట్?" అని అడుగుతున్నారు. కొందరికి భర్త ఏ షిఫ్ట్‌కి పోయాడో తెలుసు. అయినా అడుగుతున్నారు, ఎవరైనా వేరే షిఫ్ట్ అని చెబుతారేమోనని.

ఆ తర్వాత మన ఇళ్లలో ఒక అలవాటు బలపడింది. బాయి మాట ఇంట్లో ఎత్తొద్దు. పిల్లలు భయపడతారు, ఆడవాళ్లకు టెన్షన్. అన్నం తినేటప్పుడు ఆ మాటలెందుకు అని. ఎవరైనా అడిగితే "రాసిపెట్టి ఉంది, పోయాడు" అని ముగించేస్తాం. భర్తను పోగొట్టుకున్న ఆడమనిషి ఆ మాట అనుకుంటే నేను కాదనలేను, ఆమెకు ఆ రాత్రి గడవాలి. కానీ బాయి దిగే మనం ఆ మాట అనకూడదు. నీళ్లు రాత వల్ల రావు. ఎక్కడో తవ్వి వదిలేసిన పాత పనిలో ఏళ్ల తరబడి నిలిచి ఉండి, మధ్యలో ఉన్న బొగ్గు గోడ పలచబడ్డ చోట నుంచి వస్తాయి. పైకప్పు దేవుడు దించితే దిగదు. కింద బొగ్గు తీసిన కొద్దీ పైన బండల బరువు ఎటు జరుగుతుందో, దానికి ఎంత సపోర్ట్ కావాలో లెక్క తప్పినప్పుడు దిగుతుంది.

చస్నాలా పేరు మీరు వీటీసీ (గని శిక్షణ కేంద్రం) క్లాసులో విని ఉంటారు. వినకపోతే ఇప్పుడు వినండి, ఎందుకంటే మన దేశంలో బొగ్గు గనుల మీద ఇంతకంటే పెద్ద దెబ్బ పడలేదు. ధన్‌బాద్ దగ్గర, దామోదర్ నది ఒడ్డున ఉన్న గని అది. 1975 డిసెంబర్ 27, మధ్యాహ్నం. కింద షిఫ్ట్ నడుస్తోంది. పైన పాత పనుల్లో నీళ్లు నిలిచి ఉన్నాయి. పైన నీళ్లకూ, కింద మనుషులకూ మధ్య ఉన్న అడ్డుగోడ తెగిపోయింది. 375 మంది పోయారు. ఒక షిఫ్ట్ అంతా. నీళ్లు తోడటానికి విదేశాల నుంచి పంపులు తెప్పించాల్సి వచ్చింది. శవాలు బయటికి రావడానికి వారాలు పట్టింది. పాట్నా హైకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి యు.ఎన్. సిన్హా ఆధ్వర్యంలో విచారణ జరిగింది. క్రిమినల్ కేసులో ఇద్దరు అధికారులకు ధన్‌బాద్ కోర్టు శిక్ష వేసింది 2012లో. అప్పటికి 36 ఏళ్లు దాటింది. ఆ రోజు తండ్రిని పోగొట్టుకున్న పసిపిల్లలు తీర్పు వచ్చేనాటికి నడివయసు మనుషులయ్యారు.

చస్నాలాలో స్మారకం ఉంది. ప్రతి డిసెంబర్ 27న ఆ ఊరివాళ్లు అక్కడికి వచ్చి పూలు పెడతారు. ఆ వేళకు సైరన్ మోగుతుంది. బొగ్గు బాయి ఊళ్లో పుట్టినవాళ్లకు వేళ కాని వేళ మోగే సైరన్ ఎలా ఉంటుందో వేరేగా చెప్పక్కర్లేదు.

మీరు ముఖ్యంగా పట్టుకోవాల్సింది ఇది. నీళ్లు నిలిచిన పాత పనికి 60 మీటర్ల దూరంలోకి వచ్చాక, పైనుంచి రాతపూర్వకంగా అనుమతి లేకుండా ఒక్క అడుగు ముందుకు తవ్వకూడదన్న నిబంధన 1957 కోల్ మైన్స్ రెగ్యులేషన్స్‌లోనే ఉంది. అనుమతి వచ్చినా ముందు బోర్ హోల్స్ వేసుకుంటూ, వాటి వెనకే ఫేస్‌ను, అంటే బొగ్గు తవ్వే ముఖాన్ని, నడపాలి. అంటే చస్నాలా నాటికి ఆ రూలు వయసు 18 ఏళ్లు. ఆ రూలు 2017లో వచ్చిన కొత్త రెగ్యులేషన్స్‌లోకీ వచ్చింది. రూలు లేక ఆ మనుషులు పోలేదు.

చస్నాలా తర్వాతైనా ఆగిందా? 1989 నవంబర్‌లో రాణీగంజ్ దగ్గర మహాబీర్ గనిలో పాత పనుల నీళ్లు పడి 71 మంది లోపల చిక్కుకున్నారు. ఆరుగురు పోయారు. మిగిలిన 65 మందిని జస్వంత్ సింగ్ గిల్ అనే ఇంజనీరు పైనుంచి బోరు వేయించి, మనిషి పట్టేంత స్టీలు క్యాప్సూల్ చేయించి, అందులో తానే కిందికి దిగి, ఒక్కొక్కరినీ పైకి పంపించాడు. ఆఖరి మనిషి పైకి వచ్చేదాకా ఆయన కిందే ఉన్నాడు. 1995 సెప్టెంబర్‌లో కుండపోత వానకు కట్రీ నది పొంగి గస్లిటాండ్ గనిలోకి దిగితే 64 మంది పోయారు. 2001 ఫిబ్రవరి 2న బాగ్‌డిగిలో, పక్కనున్న జైరాంపూర్ పాత పనుల నీళ్లు దూరి 29 మంది పోయారు. బాగ్‌డిగి జరిగి రెండున్నరేళ్లు కూడా తిరగకముందే మన 7 ఎల్‌ఈపీ.

వరసగా ఇవన్నీ చదువుతుంటే మీకు కోపం రావాలి. నాకు ఇప్పటికీ వస్తుంది. ఆ కోపాన్ని టీ కొట్టు దగ్గర ఖర్చు చేయకండి, గని ప్లాన్ (పటం) దగ్గరికి తీసుకెళ్లండి. ప్రతి గనికీ ప్లాన్ ఉంటుంది. ఏ సీమ్‌లో (బొగ్గు పొరలో) ఎక్కడిదాకా తవ్వారు, ఎక్కడ మూసేశారు, ఎక్కడ నీళ్లు ఉన్నాయి అన్నది అందులో ఉండాలి. పని నేర్చుకునే పిల్లోడు ప్లాన్ అడగడమేంటని మొదట్లో నవ్వుతారు. నవ్వనివ్వండి. "సార్, మా ఫేస్‌కి దగ్గర్లో పాత పని ఎక్కడుంది? అందులో నీళ్లున్నాయా? ఎంత దూరం?" అని అడగండి. మీరు నేర్చుకుంటున్నారని మంచి సర్దారు, ఆయన పైన ఉండే మంచి ఓవర్‌మెన్ సంతోషంగా చెబుతారు. నేను పనిచేసినన్నాళ్లూ ఇలా అడిగే కుర్రాళ్ల కోసం చూసేవాణ్ని, తక్కువమందే దొరికారు.

నీళ్లు దగ్గర పడుతున్నప్పుడు బొగ్గు ముందే చెబుతుంది. నిన్నటిదాకా పొడిగా ఉన్న ఫేస్‌కి చెమట పడుతుంది. చెయ్యి ఆనిస్తే చల్లగా తగులుతుంది. పగుళ్లలోంచి సన్నగా బుస్సుమనే చప్పుడు వస్తుంది. ఊరే నీళ్లు ఎర్రగా, తుప్పు రంగులో ఉంటాయి. ఒక్కోసారి కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. ఏళ్ల తరబడి గాలి ఆడకుండా నిలిచిన నీళ్ల వాసన అది. ఆ వాసన విషవాయువుది కూడా కావచ్చు, ఎక్కువైతే ముక్కుకు తెలియకుండా పోతుంది, కాబట్టి వాసన తగ్గింది కదా అని ధైర్యం పడొద్దు. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా పని ఆపి, తోటివాళ్లను వెనక్కి తీసుకొచ్చి, అప్పుడు చెప్పండి. ముందు చెప్పి, జవాబు వచ్చాక వెనక్కి రావడం కాదు.

ఇక పైకప్పు. మన దగ్గర మనుషులను ఎక్కువగా తీసుకుపోయేది ఇదే. ఒక్కరిని, ఇద్దరిని తీసుకుపోతుంది కాబట్టి పేపర్లో జిల్లా ఎడిషన్ దాటదు. నాకు కప్పు కొట్టి చూడటం నేర్పింది ఒక పాత టింబర్‌మన్, అంటే కప్పుకు కర్రల ఆసరా పెట్టే మనిషి. ఆయనకు చదువు రాదు. ఎడమ అరచేయి బండకు ఆనించి, కుడిచేత్తో రాడ్‌తో కొట్టమనేవాడు. గట్టి బండ ఖంగుమంటుంది. విడిపోయిన బండ డొల్లగా పలుకుతుంది. చెవికి అనుమానంగా ఉన్నా ఎడమ చేతికి వణుకు తెలుస్తుంది, చెవి మోసపోతుంది కానీ చెయ్యి మోసపోదు అనేవాడు. ఒక నైట్ షిఫ్ట్‌లో డీపిల్లరింగ్ డిస్ట్రిక్ట్‌లో, అంటే కప్పుకు ఆసరాగా వదిలిన బొగ్గు స్తంభాలను తీసే చోట, పని బాగా సాగుతోంది. ఆయన ఉన్నట్టుండి పని ఆపి, పైకి చూస్తూ నిలబడ్డాడు. "సర్దారు సాబ్, కప్పు మాట్లాడుతోంది, పోదాం" అన్నాడు. నాకేమీ వినిపించలేదు. కానీ ఆయన మొహం చూసి అందరినీ వెనక్కి తెచ్చాను. ఆ షిఫ్ట్ బొగ్గు పోయింది. తెల్లారేలోపు అక్కడ కప్పు దిగిపోయింది. ఆయన దాని గురించి మళ్లీ ఎప్పుడూ మాట్లాడలేదు, ఎవరూ ఆయనకు అవార్డు ఇవ్వలేదు. ఆ రాత్రి మాతో ఉన్నవాళ్ల పిల్లలు ఇప్పుడు మీ వయసువాళ్లు.

8ఏలో పోయిన 10 మందిని తలుచుకున్నప్పుడల్లా నాకు ఆ టింబర్‌మన్ గుర్తొస్తాడు. రూఫ్ బోల్టులు, ప్రాపులు (ఆసరా స్తంభాలు), మీటర్లు, యంత్రాలు వచ్చాయి. అన్నీ అవసరమే. అవి ఉన్నాయి కదా అని రాడ్ పక్కన పడేయకండి. సపోర్ట్ పూర్తి కాని చోటికి ఒక్క నిమిషం పని అనుకుని వెళ్లకండి. నాకు తెలిసిన దెబ్బల్లో సగం ఆ ఒక్క నిమిషంలో తగిలినవే.

2022 మార్చి 7న మన అడ్రియాల లాంగ్‌వాల్ (పొడవాటి బొగ్గు గోడను యంత్రంతో కోసే) ప్రాజెక్టులో కప్పు కూలింది. ఏడుగురు చిక్కుకున్నారు, నలుగురు బయటపడ్డారు, ముగ్గురు చనిపోయారు. ఆ ముగ్గురిలో ఒకరు ఏరియా సేఫ్టీ ఆఫీసరు, ఒకరు డిప్యూటీ మేనేజర్, ఒకరు కాంట్రాక్ట్ కార్మికుడు. బండకు గ్రేడ్ తెలియదు, పే స్లిప్ తెలియదు. మరి పైన ఉన్న మనకెందుకు అంత తేడా? ఒకే చోట, ఒకే నిమిషంలో పోయినవాళ్లను తలుచుకునేటప్పుడు కాంట్రాక్ట్ మనిషి పేరు చివర్లో రావడం, కొన్నిసార్లు రాకపోవడం నాకు చాలా బాధగా ఉంటుంది. మీ పక్కన పనిచేసే కాంట్రాక్ట్ తమ్ముడికి ట్రైనింగ్ తక్కువై ఉండొచ్చు, గట్టిగా అడిగితే రేపటి నుంచి రావద్దంటారన్న భయం ఉండొచ్చు. అతని తరఫున అడగాల్సింది పర్మినెంట్ ఉద్యోగం ఉన్న మీరే. సేఫ్టీ కమిటీ మీటింగ్‌లో అతని మాట మీ నోటి నుంచి రావాలి.

గ్యాస్ గురించి ఎక్కువ చెప్పను, క్లాసుల్లో బాగానే చెబుతారు. 1958లో చినకురి, 1965లో 268 మందిని తీసుకున్న ధోరీ, 1973లో జిత్‌పూర్, 2006లో 50 మంది పోయిన నగ్దా. పేర్లు వేరు, జరిగింది ఒకటే. మీథేన్ అంటుకోవడం, దాని వెంట బొగ్గు దుమ్ము అంటుకుని గ్యాలరీల వెంట పరుగెత్తడం. గేటు దగ్గర జేబులు తడిమి బీడీ, అగ్గిపెట్టె, సెల్‌ఫోన్ ఉన్నాయేమో చూస్తే విసుక్కోకండి. బొగ్గు దుమ్ము అంటుకోకుండా రాతిపొడి చల్లే పని ఎవరైనా తూతూమంత్రంగా చేస్తుంటే ఊరుకోకండి.

ఇంకొక మాట, టోపీ దీపాలు ఇచ్చే ల్యాంప్ రూం గురించి. ల్యాంప్ తీసుకునేటప్పుడు మీ నంబర్ మీదే అని చూసుకోండి. తొందరలో పక్కవాడి ల్యాంప్ పెట్టుకుని దిగే అలవాటు కొందరికి ఉంది. ప్రమాదం జరిగినప్పుడు లోపల ఎంతమంది ఉన్నారన్న లెక్క ఆ రిజిస్టర్ నుంచే మొదలవుతుంది. రెస్క్యూ టీం ఎక్కడ వెతకాలన్నది ఆ లెక్కను బట్టే ఉంటుంది. నీళ్లలో రోజుల తరబడి ఉన్న మనిషిని మొహం చూసి గుర్తుపట్టలేరు, ల్యాంప్ నంబరే చెప్పాలి. మీ అమ్మ ఆ రోజు ఇంకొకరి బిడ్డను తన బిడ్డ అనుకుని ఏడవకూడదు. కఠినంగా ఉందని తెలుసు. మీకు ఇది చెప్పాల్సిన పెద్దవాళ్లు మొహమాటపడుతున్నారు కాబట్టి నేను చెబుతున్నాను.

"ఇవన్నీ పట్టుకుంటే ప్రొడక్షన్ రాదు, మస్టర్ (హాజరు) పోతుంది, పైవాళ్లతో గొడవ" అని మీకు చెప్పేవాళ్లు ఉంటారు. మంచివాళ్లే, మీ మేలు కోరే చెబుతారు. ఇల్లెందులో 1889లో బొగ్గు తీయడం మొదలైనప్పటి నుంచి ఇప్పటిదాకా ఎన్ని టన్నులు పైకి వచ్చాయో రికార్డుల్లో ఉంది. ఒక షిఫ్ట్ ఆగితే ఆ లెక్క కొంచెం తగ్గుతుంది, రేపు మళ్లీ పూడుతుంది. 7 ఎల్‌ఈపీలో పోయిన 17 మంది ఇళ్లలో తగ్గిన లెక్క ఇన్నేళ్లకూ పూడలేదు. వాళ్ల పిల్లల్లో కొందరి పెళ్లిళ్లకు నేను వెళ్లాను. కాళ్లు కడిగే వేళకు తండ్రి స్థానంలో బాబాయో మేనమామో కూర్చున్నాడు. ఊరంతా అక్కడే ఉంది, ఒక్కరూ ఆ సంగతి ఎత్తలేదు.

అందుకే వచ్చే జూన్ 16న ఒక పని చేయండి. యూనియన్ ఏదైనా కానీ, జెండా ఏదైనా కానీ. ఫస్ట్ షిఫ్ట్ మస్టర్ దగ్గర అందరూ కలిసినప్పుడు ఆ 17 మంది పేర్లు ఒకరు చదవండి. తర్వాత ఇంకొకరు, అర్థమయ్యే తెలుగులో, ఆ రోజు నీళ్లు ఎక్కడి నుంచి, ఎలా వచ్చాయో విచారణ తేల్చిన మేరకు చదవండి. ఆ తర్వాత మీ గని ప్లాన్ గోడకు పెట్టించి, మీ సర్దారునో మేనేజర్‌నో పిలిచి, ఇవాళ మన ఫేస్‌కి దగ్గర్లో నీళ్లు ఎక్కడున్నాయో వేలు పెట్టి చూపించమనండి. అక్టోబర్ 16న అలాగే పైకప్పు గురించి, మార్చి 7న లాంగ్‌వాల్ గురించి. ఒక్కోదానికి పావుగంట చాలు. కాంట్రాక్ట్ వాళ్లను కూడా నిలబెట్టండి. ఆ ఇళ్ల నుంచి ఎవరైనా వస్తామంటే పిలవండి, కుర్చీ వేయండి, వాళ్ల ముందు కారణం దాచకండి. వాళ్లకు మనకంటే ముందే తెలుసు.

మొదటిసారి ప్లాన్ చదవడం రాకపోతే నాకు కబురు పెట్టండి. మోకాళ్లు నొప్పులే కానీ గనిమెట్ల దాకా వస్తాను, పక్కన నిలబడి చూపిస్తాను.

ఇట్లు,
మీ మేలు కోరే
ఒక రిటైర్డ్ మైనింగ్ సర్దారు,
గోదావరిఖని